భుజం పట్టిన ఇళ్లు

అశ్విని కార్తె, రెండో రోజు

ఈ రోజు, ఊరికి గొట్టాల్లో చల్లటి నీళ్లు పంచే చలువ సంఘం మీద దావా వేశాను. వేసి ఇంటికొచ్చి గిన్నెలు తోముకున్నాను. దావా వేసినంత మాత్రాన తోమిపెట్టేవాళ్లు పుట్టుకురారు కదా.

కోర్టు పెట్టె ముందు మాట్లాడటం నేననుకున్నంత కష్టం కాలేదు. లోపల మనిషి ఉండడు, ఇనుప జాలీ వెనక చిన్న దీపం వెలుగుతుంది, అంతే. మనం మాట్లాడుతున్నంతసేపూ పక్క గొట్టంలో చలువ నీళ్లు జరజరా పారే చప్పుడు వినిపిస్తుంది. పెట్టె ఆలోచిస్తే కాగుతుంది. దాన్ని చల్లార్చేది ఊరి చలువే. ఎంత ఆలోచిస్తే అంత ఖర్చు, ఆ ఖర్చు ఓడినవాళ్ల ఇంటి గొట్టంలోంచి కోస్తారు. అందుకే ఎండకు తాళలేక పాత బొగ్గుగనిలోకి దిగి బతుకుతున్న మా తొమ్మిదో ఇంక్లైన్‌లో మొగుడూ పెళ్లాలు తలలు పగలగొట్టుకున్నా పెట్టె దాకా పోరు.

"ఏం కోరుతున్నారు?" అని అడిగింది.

"మా ఆయన వాల్వు బంద్ చెయ్యలె. సంఘపోళ్లే మీదికెల్లి బంద్ చేసిండ్రు. గా మాట ఒప్పుకోవాలె" అన్నాను.

"చలువ రూపంలో ఏం కోరుతున్నారు?"

నాకు చలువ వద్దన్నాను. చలువ అడగని దావా నిలవదంది. సరే, మా ఇంటికీ, పక్కింటి సుగుణకూ పరిహారం అని రాయించాను. అది పెట్టె కోసం. నాకు కావాల్సింది మొదటి మాటే.

మా ఆయన రాజలింగు మా గ్యాలరీకి, అంటే మేముండే సొరంగం వీధికి, వాల్వు కాపలా. పోయినేడు రోహిణిలో మిట్టమధ్యాహ్నం గొట్టాలు వట్టిపోయాయి. కొంగులు తడుపుకుని అందరం పై గ్యాలరీకి ఎక్కేశాం. సుగుణ వాళ్ల అమ్మ పోసవ్వ మోకాళ్ల నొప్పులతో వెనకే ఉండిపోయింది. ఎత్తుకొస్తానని రాజలింగు వెనక్కి పోయాడు. ఇద్దరూ దారిలోనే పడిపోయారు. ఆమె ఆయన వీపు మీదే ఉంది.

సంఘం ఏం రాసుకుందంటే, కాపలావాడు తాగి వాల్వు మూసేశాడని. రాజలింగు జన్మలో కల్లు ముట్టలేదు. ముట్టి ఉంటే నాతో కాపురం ఇంకొంచెం సులువుగా ఉండేదేమో. ఆ రోజు పెట్టె ఏదో పెద్దవాళ్ల తగాదా వింటోంది, దానికి చలువ చాలక మా గొట్టాలు కోసేశారు. ఇది ఊరందరికీ తెలుసు. తెలిసిన మాట రాత మీద ఉండాలి, అంతే నేనడిగేది.

ఒంటరిగా వచ్చినవాళ్ల దావా పెట్టె తీసుకోదు. ఖర్చు మీద పడితే పంచుకునే ఇళ్లు చూపించాలి. మేం దాన్ని భుజం పట్టడం అంటాం. బొగ్గు తీసే కాలంలో కప్పు కుంగితే, దుంగ తెచ్చేదాకా మనుషులే భుజాలు ఆనించి నిలబడేవాళ్లట. ఎంతసేపని అడిగేవాళ్లు కాదట. ఇప్పుడూ అడగరు. భుజం పట్టినవాళ్లు దావా సంగతి ఒక్క ప్రశ్న వేసినా గ్యాలరీలో తలెత్తుకోలేరు.

నాకు రెండిళ్లు భుజం పట్టాయి. ఎదురింటి ఓదెలన్న, రాజలింగు చిన్ననాటి జతగాడు. రెండోది సుగుణ. ఆమెకిప్పుడు ఏడో నెల. పెనిమిటి పైన, కరెంటు పుట్టించే ఎండపలకలు తుడిచే పనిలో ఉన్నాడు, వానలు పడితేగాని కిందికి రాడు. నువ్వొద్దు బిడ్డా అన్నాను. వినకుండా వెళ్లి వేలిముద్ర వేసొచ్చింది.


భరణి కార్తె, నాలుగో రోజు

విచారణ మొదలైంది. పొద్దున్నే ఓదెలన్న వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"చెల్లె, తక్కువ మాట్లాడు. ల్యాంపురూంల కూసోని ముచ్చట పెట్టినట్టు పెట్టకు. పెట్టె కాగుతది."

నేను ముప్పై ఏళ్లు ల్యాంపురూంలో కూర్చుని, చీకటి గ్యాలరీల్లోకి పోయేవాళ్లకు దీపాలు ఇచ్చిన మనిషిని. దీపం చేతికిస్తూ మాట కలపకపోతే నాకు తోచదు. అయినా సరేనన్నాను. పెట్టె ముందు నిలబడ్డాక ఆ సరే ఎటు పోయిందో తెలియదు. రాజలింగు బనీను రంగుతో సహా చెప్పాను. వెనక గొట్టంలో నీళ్లు వరద పారినట్టు పారుతూనే ఉన్నాయి. ఓదెలన్న తలపట్టుకున్నాడు.

బయటికొచ్చాక సంఘం ప్లీడరు నరహరి నన్ను పక్కకు పిలిచాడు. ఎప్పుడూ చలువలోనే ఉండి ఉండి ఆయనకు ఏడాది పొడుగునా జలుబే. మాట మాత్రం మెత్తన.

"అమ్మా, సంఘం ఒక ప్రతిపాదన పంపింది. మీ ఇంటికీ, సుగుణ ఇంటికీ రోజూ ఒక గంట అదనపు చలువ, మీరు బతికినంత కాలం. దావా ఆపేయండి."

"తప్పెవలిదని రాస్తరు?"

"ఎవరిదీ కాదని."

"ఎవలిది కాకుంటె ఇద్దరెట్ల సచ్చిండ్రు సారూ?"

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత నిదానంగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. ఈ ప్రతిపాదనను సీలు వేసి ఉంచుతారు. తీర్పు చెప్పేదాకా పెట్టె కూడా తెరిచి చూడదు. నేను ఎవరికీ చెప్పకూడదు, భుజం పట్టినవాళ్లకు కూడా. చెబితే దావా కొట్టేస్తారు. తీర్పులో గంట కన్నా ఎక్కువ చలువ వస్తే ఖర్చంతా సంఘానిది. అంతకన్నా ఎక్కువ రాకపోతే, ఈ రోజు నుంచి పెట్టె కాగిన ఖర్చంతా నాదీ, నాకు భుజం పట్టినవాళ్లదీ.

"నేను గెలిచినా?"

"గెలిచినా."

"గిదేం న్యాయం?"

"న్యాయం కాదమ్మా, ఖర్చుల నియమం. ఇచ్చేది పుచ్చుకోకుండా మొండికేసి పెట్టెను కాగబెట్టేవాళ్ల కోసం పెట్టుకున్నది."

మొండి అన్నమాట వినేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. "మీ గంట మీరే ఉంచుకోండ్రి. దాంతోని మీ జలుబు ఇంకింత పెంచుకోండ్రి" అన్నాను. ఆలోచించుకోవడానికి మూడు రోజుల గడువుందన్నాడు. అక్కర్లేదని వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి సుగుణ అంబలి కాచి పెట్టింది. నా మొహం చూసింది, ఏమీ అడగలేదు. అడగదు. చెప్పడానికి నియమం ఒప్పుకోదు, నిజమే. కానీ నాకు చెప్పాలని కూడా లేదు. చెబితే ఆ పిల్ల "గంట చలువ చాలు పెద్దమ్మా" అంటుంది. అది వినడం నాకిష్టం లేదు.


కృత్తిక కార్తె, మొదటి రోజు

సుగుణ నెలలు నిండకుండానే కన్నది. ఆడపిల్ల. నా రెండు అరచేతుల్లో ఇంకా చోటు మిగిలింది. మంత్రసాని బొడ్డు కోసి, ఒళ్లు తడిమి, నన్ను బయటికి పిలిచింది.

"దీని ఒంటికి వేడి ఎట్ల తోలుకోవాల్నో తెల్వదు. పగటీలి గొట్టం కిందకెల్లి తియ్యొద్దు. ఈ కార్తె, వచ్చే కార్తె దాటితె బతుకుతది."

వచ్చే కార్తె రోహిణి. రోహిణిలో రోళ్లు పగులుతాయని మా నానమ్మ అనేది. ఆమె కాలంలో అది సామెత. ఇప్పుడు పైన నిజంగానే బండలు పగులుతున్నాయి, ఆ చప్పుడు కింద మాకు వినిపిస్తుంది.

అన్నం సహించలేదు. సాయంత్రం నరహరి ఇంటికి వెళ్లాను. సిగ్గు విడిచి అడిగాను, ఆ గంట ఇప్పుడు పుచ్చుకుంటానని.

"గడువు దాటింది కదమ్మా" అన్నాడు. నిజంగానే బాధపడ్డట్టు కనిపించాడు. "నేను మళ్లీ అడిగి చూస్తాను. కానీ సంఘం వాళ్లు తీర్పు తమకే అనుకూలంగా ఉంటుందనుకుంటున్నారు."

అడుగుతాడో లేదో తెలియదు. 


కృత్తిక కార్తె, ఎనిమిదో రోజు

నరహరి ఆ మర్నాడే నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. విచారణ సాగుతూనే ఉంది. ఇప్పుడు ముక్తసరిగా మాట్లాడుతున్నాను. నేను తగ్గించిన మాటలన్నీ సంఘం సాక్షులు మాట్లాడుతున్నారు. ఒక్కొక్కడూ వాల్వుల చరిత్ర మొదటినుంచీ ఎత్తుకుంటాడు. పెట్టె అందరినీ ఓపిగ్గా వింటుంది. ఆ నీళ్ల చప్పుడులో ఎన్ని గంటల చలువ పోతోందో లెక్కేసుకుంటున్నాను.

పాప పాలు పీలుస్తోంది. కొంచెం ఒళ్లు చేసిందని సుగుణ మురిసిపోతోంది.


కృత్తిక కార్తె, చివరి రోజు

గెలిచాను.

పెట్టె చదివిన తీర్పు ఇది: పై వాల్వు మూసింది సంఘం మనిషి. రాజలింగు మూయలేదు. మద్యం సేవించినట్టు ఆధారం లేదు. తప్పు సంఘానిది.

ఓదెలన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. సుగుణ పాపను నా చేతికిచ్చి, ఇనుప జాలీకి దండం పెట్టింది.  రాజలింగూ, విన్నావా అనుకున్నాను. బనీను రంగు చెప్పినా, చెప్పకపోయినా నిజం నిలబడింది.

తర్వాత చలువ సంగతి. రాజలింగు తన ఇష్టంతోనే వెనక్కి వెళ్లాడు కాబట్టి, వెళ్లకపోతే బతికి ఉండేవాడు కాబట్టి, పరిహారం సగానికి తగ్గిస్తున్నాను అంది. రెండిళ్లకూ రోజుకు అరగంట.

తర్వాత సీలు తెరిచింది. గంట.

"ఖర్చుల నియమం ప్రకారం ప్రతిపాదన నాటినుంచి అయిన ఖర్చు వాది, ఆమెకు భుజం పట్టిన ఇళ్లు భరించాలి. రేపటినుంచి కార్తె పొడవునా మూడిళ్లకూ పగటి చలువ నిలుపుదల."

"మరి తప్పు వాళ్లదని తేలింది గదా" అని అరిచాను. "గా మాట గంట కంటె ఎక్కువ కాదా?"

"ప్రతిపాదనను తీర్పుతో పోల్చేటప్పుడు చలువను మాత్రమే కొలుస్తాను. మంచిపేరుకు కొలత లేదు" అంది పెట్టె.

సుగుణ నా చేతుల్లోంచి పాపను తీసుకుంది. గట్టిగా లాగలేదు. మామూలుగానే తీసుకుంది. అదే నాకు తట్టుకోలేనట్టు అనిపించింది.


రోహిణి కార్తె, రెండో రోజు

పగలంతా గొట్టాలు వెచ్చగా ఉన్నాయి. ముట్టుకుంటే పశువు ఒంటిమీద చెయ్యి వేసినట్టుంది. మా రెండిళ్లకూ రావాల్సిన అరగంట ఖర్చులో జమ చేసుకున్నారు.

పాపను తడిగుడ్డలో చుట్టి పై గ్యాలరీకి తీసుకుపోతే అక్కడివాళ్లు లోపలికి రానివ్వలేదు. రానిస్తే ఖర్చు ఎగ్గొట్టడానికి సాయపడ్డారని వాళ్ల గొట్టమూ కోస్తారు. వాళ్లను తిట్టాలని నోటిదాకా వచ్చింది. వాళ్లకూ పిల్లలున్నారు.

ఓదెలన్న తన మంచినీళ్ల కుండ తెచ్చి సుగుణ గుమ్మంలో పెట్టి పోయాడు. మధ్యాహ్నం పాప ఏడవడం మానేసింది. పాలు పట్టబోతే నోరు తెరవలేదు. కళ్లు సగం మూసి, రొమ్ము ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. సాయంత్రం గొట్టం చల్లబడ్డాక చాలాసేపటికి ఒక్కసారి ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి గ్యాలరీ అంతా గుమ్మాల్లో నిలబడి ఉంది.


రోహిణి కార్తె, మూడో రోజు

పొద్దున నరహరి వచ్చాడు. మా వేడికి ఆయన చొక్కా క్షణంలో తడిసి ముద్దయింది. మంచం చూపిస్తే కూర్చోలేదు.

"ఒక దారి ఉంది. తీర్పు వచ్చాక మూడు రోజుల్లోపు వాది తన దావా తప్పని ఒప్పుకుంటే తీర్పు రద్దవుతుంది. తీర్పు లేకపోతే భుజాలు లేవు. సంఘం ఖర్చు సంఘమే పెట్టుకుంటుంది. మీ ఖర్చు మీరొక్కరే పెట్టుకోవాలి. మిగతా రెండిళ్లకూ చలువ వెంటనే వదులుతారు."

"దావా తప్పంటే?"

ఆయన నేల చూశాడు. "రాజలింగు తాగి వాల్వు మూశాడని మీ నోటితో చెప్పాలి. ఊరికే దావా వాపసు తీసుకుంటానంటే చాలదు. ఆ ఒప్పుకోలు మీ గొంతుతోనే అన్ని గ్యాలరీల మైకుల్లో ఒక కార్తె కాలం వినిపిస్తారు. ఆ కాలం తీరేలోపు అది అబద్ధమని మీరు ఎవరితో అన్నా ఒప్పుకోలు చెల్లదు."

"నీకు తెలుసుగదా సారూ ఆయన తాగలేదని."

"తెలుసు."

"తెలిసే వచ్చినవా?"

"రాకపోతే మీకీ దారి తెలియదు కదమ్మా" అన్నాడు. కొట్టాలనిపించింది. కొట్టడానికి కూడా ఆయన దగ్గర సరైన తప్పు దొరకలేదు.

సుగుణకు చెప్పకుండా ఈసారి ఏదీ చేయకూడదనుకున్నాను. వెళ్లి చెప్పాను. పాప గుండె మీద తడిగుడ్డ మారుస్తూ విన్నది.

"గట్ల చెప్తే మా అవ్వ పోసవ్వను రాజలింగు పెదనాయిన సంపినట్టే గదా" అంది. "ఎత్తుకొస్తనని పోయిన మనిషి. వీపుమీద ఉన్నదాన్ని ఆయన దించలె. దించుంటె బతుకుతుండె."

"నువ్ భుజం పట్టినవ్ బిడ్డా. భుజం పట్టినోళ్లు అడగరు."

"అడుగుత" అంది. మా గ్యాలరీలో ఆ మాట అన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. "గంట ఇస్తమన్ననాడు నన్ను అడిగినవా పెద్దమ్మా?"

"అడగలె."

"అడిగితె నేనేమంటుంటినో ఎరికేనా?"

"ఎరికే. ఎరికయ్యే అడగలె."

ఆమె నా వంక చూసింది. తిడుతుందేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండుననిపించింది. పాప మూలిగినట్టు ఒక చిన్న చప్పుడు చేసింది. సుగుణ దాని మీదికి వంగిపోయింది.  నేను చెప్పులు తొడుక్కుని బయల్దేరాను.

పెట్టె దగ్గర జనం లేరు. దీపం వెలిగింది.

"నా పెనిమిటి రాజలింగే వాల్వు బంద్ చేసిండు" అన్నాను. "తాగి ఉండె. పోసవ్వ పాణం ఆయన వల్లనే పోయింది. నేను ఏసిన దావా తప్పు."

"ఇప్పటికే తేలిన సాక్ష్యం ఇందుకు విరుద్ధంగా ఉంది" అంది పెట్టె.

ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఎందుకు దాచాలి, పుట్టింది. ఒప్పుకోనంటుందేమో, నిజం తనకు తెలుసంటుందేమో అనుకున్నాను.

"వాది ఒప్పుకోలు సాక్ష్యం కన్నా పైది. నమోదు చేస్తున్నాను."

అంతే. పక్క గొట్టంలో నీటి చప్పుడే లేదు. నా నిజం వినడానికి అంత చలువ తాగిన పెట్టె, ఈ మాటకు గోరువెచ్చగా కూడా కాలేదు.

తిరిగొచ్చేసరికి సుగుణ ఇంటి గొట్టం మీద నీటి బొట్లు పేరుకుని ఉన్నాయి. పాప దాని కింద పడుకుని ఉంది. నేను గుమ్మం దగ్గరే నిలబడి చూసి, మా ఇంటికి వచ్చేశాను.


రోహిణి కార్తె, ఏడో రోజు

మైకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వినిపిస్తుంది. నా గొంతు అంత బొంగురుగా ఉంటుందని నాకు తెలియదు.

మొదటి రోజు నా గొంతు మొదలవగానే ఓదెలన్న బయటికొచ్చి ఇనుప తలుపును పారతో బాదడం మొదలుపెట్టాడు. ఆయన్ని చూసి అవతలి ఇంటివాళ్లు గిన్నెలు బాదారు. గ్యాలరీ అంతా ఆ చప్పుడే. ఒక్క ముక్క కూడా వినపడలేదు. నేను లోపల కూర్చుని గోడకు తల కొట్టుకుంటూ ఏడ్చాను. రాజలింగు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

పగలు ఇంట్లో ఉండలేకపోతున్నాను. నా చలువంతా నా ఖర్చుకే పోతోంది. మధ్యాహ్నం పూట మడుగులో గేదెలా నీళ్ల తొట్టిలో కూర్చుంటున్నాను. సుగుణ వచ్చి మా ఇంట్లో పడుకో పెద్దమ్మా అంది. నేను ఆ ఇంట్లో అడుగుపెడితే వాళ్ల గొట్టం మళ్లీ కోస్తారు. వద్దన్నాను. ఆమె అంబలి గిన్నె గడప మీద పెట్టి వెళ్లింది.


మృగశిర కార్తె, మూడో రోజు

పైన మబ్బు పట్టిందట. చినుకు ఇంకా పడలేదు.

గిన్నెల చప్పుడు తగ్గిపోయింది. ఎవరినీ అనడానికి లేదు. ఈ ఎండల్లో రోజుకు రెండుసార్లు ఎవరు బాదుతారు? మొన్న ఓదెలన్న ఒక్కడే బాదాడు. నిన్న ఆయనకు జ్వరం. ఈ పొద్దున నా మాట మొదటినుంచి చివరిదాకా స్పష్టంగా వినిపించింది. జనం తమ పనుల్లో ఉండి విన్నారు. ఎప్పుడూ వినే మాటే కదా.

సాయంత్రం కొంచెం చల్లబడితే గడప మీదికొచ్చి కూర్చున్నాను. సుగుణ తన గడప మీద పాపకు పాలిస్తోంది. ఎదురుగా నలుగురు ఆడపిల్లలు కోర్టాట ఆడుకుంటున్నారు. ఒకతె జల్లెడ అడ్డం పెట్టుకుని పెట్టె అయింది. ఇంకొకతె, ఓదెలన్న మనవరాలు, అచ్చం నాలా నడుం వంచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకొచ్చింది.

"నా పెనిమిటి రాజలింగే వాల్వు బంద్ చేసిండు. తాగి ఉండె. పోసవ్వ పాణం ఆయన వల్లనే పోయింది."

నేను ఎక్కడ ఊపిరి తీసుకున్నానో అక్కడే తీసుకుంది. పొల్లు పోలేదు.

సుగుణ పాపను భుజాన వేసుకుని లేచింది. "ఏయ్, గా మాట అనొద్దు. అది అబద్ధం" అంది.

"అబద్ధమైతె అవ్వ ఎందుకు చెప్తది? మైకుల అవ్వే చెప్తున్నది గదా" అంది పిల్ల. మొండితనం కాదు, నిజంగానే అడుగుతోంది. నలుగురూ నా వైపు తిరిగారు. సుగుణ కూడా నా వైపే చూసింది.

కార్తె గడువు ఇంకా తీరలేదు. ఒప్పుకోలు అబద్ధమని నేను ఒక్క పిల్ల దగ్గర అన్నా, తీర్పు మళ్లీ లేస్తుంది, దాంతో భుజాల మీది ఖర్చూ లేస్తుంది. సుగుణ ఇంటి గొట్టం ఆ క్షణమే వట్టిపోతుంది. పాప తల్లి భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. దాని మెడ మీద చెమట లేదు.

"అవు బిడ్డా" అన్నాను. "నేనే చెప్పిన. నిజమే."

ఆ పిల్ల తలూపి, కొంగు సర్దుకుని, జల్లెడ ముందుకు పోయి మళ్లీ మొదటినుంచి చెప్పింది.